అప్రస్తుత ప్రసంగం కూడా కావాలి



ఈసారి కొంచెం పెద్ద వ్యాసమే రాస్తున్నాను. కాఫీ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో చెవితో పట్టుకున్నదే. చదవడం, రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. నా తెలుగులో అరవ వాసన కొడితే మన్నించండి, కానీ తప్పులు దిద్దడం మాత్రం మానకండి.

రైల్వేలో నాది గూడ్సు గుమాస్తా ఉద్యోగం. వ్యాగన్ నంబర్లు, రసీదులు, డెమరేజి లెక్కలు, వార్ఫేజి లెక్కలు. ముప్పై ఆరేళ్లు అవే కాగితాలు, అవే గళ్లు. రిటైరైన రోజు దండ వేశారు, శాలువా కప్పారు. మరుసటి రోజు తెల్లవారుజామున అయిదు గంటల పది నిమిషాలకే లేచాను. అదే టైముకు కాఫీ, అదే వీధిలో నడక, అదే అరుగు మీద పేపరు, అదే టైముకు భోజనం. రెండేళ్లు ఇలా గడిచాక మా ఇంటావిడ ఒకమాట అన్నది: "మీరు రిటైర్ అయినారు గానీ, మీ టైంటేబుల్ రిటైర్ కాలేదు."

నవ్వి ఊరుకున్నాను. ఒకరోజు ఆమె చక్కెర డబ్బాను పై అరలోంచి కింది అరలోకి మార్చింది. వారం దాటినా నా చెయ్యి పై అరకే పోతూ ఉంది. కళ్లు ముందున్న డబ్బాను చూడటం లేదు, చెయ్యి పాత దారిలోనే పోతూ ఉంది. ఇంకోసారి మనవడు, "తాతా, ఈ కథ నువ్వు ఈ వారంలో మూడుసార్లు చెప్పినావు" అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఇలాంటిది ఉద్యోగంలోనే ఒకసారి జరిగింది. ఒక వ్యాగన్ నంబరులో ఒక అంకె తప్పు రాశాను. అంతకుముందు రోజు రాసిన నంబరు దాదాపు అలాగే ఉండింది. కన్ను కొత్త నంబరు చూసింది, చెయ్యి పాతది రాసింది. సరుకు ఎక్కడుందో తేలడానికి నాలుగు రోజులు పట్టింది. నష్టం నా జీతంలోనే పట్టుకున్నారు, అది న్యాయమే. తప్పు నాదే. పని రాక చేసిన తప్పు కాదది. మరీ బాగా వచ్చినందువల్ల చేసిన తప్పు. అలవాటైన పనిలో మనసు లేచి బయటికి పోతుంది, చెయ్యి ఒక్కటే కూర్చుని పని చేస్తుంది.

ఈ సంగతి మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. తెలుసు అనడమే కాదు, దానికి విరుగుడుగా ఒక విద్యనే తయారు చేసుకున్నారు. ఈ వ్యాసం దాని గురించే.

ఏడేళ్ల పిల్లల పక్కన

ముందు నా కథ ఇంకొంచెం చెప్పి, తరవాత చరిత్రలోకి వస్తాను.

మనవడి మాట తరవాత నేను మన సంఘం ఆదివారం తెలుగు తరగతిలో చేరాను. నా బెంచీలో అందరూ ఏడెనిమిదేళ్ల పిల్లలు. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ లకూ ఒకటే. అరవై ఏళ్లు ఒక అక్షరంతో సరిపెట్టుకున్నవాడికి ఒక్కసారిగా నాలుగు ఇస్తే ఎట్లా ఉంటుంది? "భయం" అని రాయమంటే "బయం" అని రాశాను. పక్కన కూర్చున్న పాప, "తాతా, దీనికి ఒత్తు మరిచిపోయినావు" అని తన రబ్బరు ఇచ్చింది. ఆ రబ్బరుతో చెరిపినది అక్షరాన్ని ఒక్కటే కాదు, ముప్పై ఆరేళ్ల గుమాస్తా గర్వాన్ని కూడా.

ఒక సంవత్సరం పట్టింది. తరవాత మా తాత పుస్తకం తీశాను. కరిసల్ నేల మీద పత్తి పండించినవాడు మా తాత. ఆయన తెలుగులో రాసిన లెక్కల పుస్తకం ఒకటి మా ఇంట్లో ట్రంకు పెట్టెలో రెండు తరాలుగా పడి ఉంది. మా నైనాకు చదవను రాదు, నాకు రాదు. సరస్వతీ పూజనాడు బయటికి తీసి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ లోపల పెట్టేవాళ్లం. పూజ చేసినాం గానీ చదవలేదు.

చదివితే ఏముంది? పత్తి ఎన్ని బస్తాలు, కూలి ఎంత, ఎద్దుల వైద్యానికి ఎంత. అదే లెక్క పేజీ తరవాత పేజీ. కానీ అక్కడక్కడ, లెక్కల మధ్యలో, అడ్డంగా ఒక్కో వరస. మొదట అర్థం కాలేదు. తరవాత తెలిసింది, అవి పొడుపు కథలు. ఒకదాంట్లో, పొద్దస్తమానం నడిచేది, ఊరి పొలిమేర దాటనిది ఏమిటి అని అడిగినాడు. జవాబు పుస్తకం చివరి అట్ట మీద ఉంది: గానుగెద్దు.

పత్తి లెక్కలు రాస్తూ రాస్తూ మధ్యలో ఆ రైతు ఎందుకు ఆగినాడు? ఎవరూ చెప్పలేదు. నాకు తోచింది ఏమిటంటే, తాను గానుగెద్దు కాకుండా ఉండటానికే.

అవధానం: మనసును మధ్యలో ఆపి పరీక్షించే విద్య

అక్షరాలు వచ్చిన మరుసటి ఏడు తిరుపతిలో ఒక బంధువు ఇంటి పెళ్లికి పోయినప్పుడు మా బావమరిది కొడుకు నన్ను ఒక అష్టావధానానికి తీసుకుపోయాడు. మనలో చాలామంది పేరు విన్నారు గానీ చూసి ఉండరు. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం, ఎక్కడ ఉన్నవాళ్లయినా సరే, తెలుగువాళ్లుగా పుట్టినందుకు ఒక్కసారి చూడండి. ఎలా ఉంటుందో నేను గుమాస్తా భాషలో చెబుతాను.

మధ్యలో అవధాని కూర్చుంటారు. చేతిలో కాగితం ఉండదు, పెన్ను ఉండదు. చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు. ఒక్కొక్కరిది ఒక్కో రకం పరీక్ష.

నిషిద్ధాక్షరి అని ఒకటి. అవధాని పద్యం ఒక్కో అక్షరంగా చెబుతుంటే, తరవాత ఏ అక్షరం వస్తుందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని మనసు పోదలచుకున్న దారిని అక్కడికక్కడే మూసేస్తాడు. వెంటనే వేరే అక్షరంతో, వేరే మాటతో, ఛందస్సు చెడకుండా ముందుకు పోవాలి. రైల్వేవాడిగా నాకిది బాగా అర్థమైంది. లైను మూసేస్తే వేరే లైనులో బండిని నడపాలి, కానీ బండి ఆగకూడదు.

సమస్య అని ఇంకొకటి. చూడగానే తప్పుగా, విడ్డూరంగా కనిపించే ఒక పాదం ఇస్తారు. మిగిలిన పాదాలు కట్టి దానికి మంచి అర్థం తేవాలి. మాటను వేరేచోట విరిస్తే అర్థం మారిపోతుంది, చిక్కు విడిపోతుంది.

దత్తపది అంటే నాలుగు మాటలిచ్చి, వాటితో సంబంధం లేని విషయం మీద పద్యం చెప్పమనడం. మీకు తెలియాలని నేనే ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. వడ, దోస, పూరి అని టిఫిన్ల పేర్లిచ్చి కుచేలుడి కథ చెప్పమన్నారనుకోండి. వడలిన దేహం, పూరి గుడిసె, దోసెడు అటుకులు. చూశారా, టిఫిన్ మాయమై కుచేలుడు వచ్చి నిలబడ్డాడు! నాకు ఇది తోచడానికి రెండు రోజులు పట్టింది. అవధానికి ఇచ్చేది రెండు నిమిషాలు కూడా కాదు, అదీ పద్యంలో.

వ్యస్తాక్షరిలో ఒక వాక్యాన్ని అక్షరాలుగా విడగొట్టి, వరస తప్పించి, పదకొండో అక్షరం ఇది, మూడో అక్షరం ఇది అని నడుమ నడుమ ఇస్తారు. చివరికి మొత్తం వాక్యం కూర్చి చెప్పాలి. ఇక వర్ణన, ఆశువు, పురాణ పఠనం వంటివి ఉన్నాయి. కొన్ని సభల్లో ఒకరు మధ్య మధ్య గంట కొడుతుంటారు. ఎన్నిసార్లు కొట్టారో చివర లెక్క చెప్పాలి. ఇవన్నీ ఒకదాని తరవాత ఒకటి కాదు. ఒకరికి ఒక పాదం చెప్పి, ఇంకొకరి దగ్గరికి పోయి, మళ్లీ తిరిగి రావాలి. నాలుగు ఆవృత్తాలు అయ్యాక అన్ని పద్యాలనూ మొదటినుంచీ అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు.

ఎనిమిదిమందిలో ఒకాయన పేరు అప్రస్తుత ప్రసంగి. ఆయన పని ఏమిటో తెలుసా? సంబంధం లేని మాటలు మాట్లాడటం! అవధాని కష్టమైన పాదం దగ్గర ఉన్నప్పుడు, "స్వామీ, మీ ఇంట్లో వంట మీరా, అమ్మగారా?" అని అడుగుతాడు. అవధాని నవ్వుతూ, చమత్కారంగా జవాబు చెప్పి, వదిలిన చోటే పద్యం అందుకోవాలి.

మొదట నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది. పాపం, అంత కష్టపడుతున్నవాడిని ఎందుకు చెడగొడతాడు అనుకున్నాను. గంట గడిచాక గమనించాను. ఆయన అడ్డుపడినప్పుడల్లా సభ నవ్వుతూ ఉంది, అవధాని ముఖం తేటపడుతూ ఉంది. ఒకే తీరులో బిగుసుకున్న మనసు సడలి, మళ్లీ పదునెక్కి పద్యం దగ్గరికి వస్తూ ఉంది. మన పెద్దవాళ్లు ఎనిమిదిమందిలో ఒకరిని, అంటే ఎనిమిదో వంతు, దారి తప్పించడానికే కేటాయించారు. అది ఆషామాషీ ఏర్పాటు కాదని అప్పుడు అర్థమైంది.

తంజావూరు నుంచి బందరు దాకా

ఇప్పుడు చరిత్ర. ఇది ఆంధ్రలో మాత్రమే పెరిగిన విద్య అనుకోకండి. మన తమిళనాడుకు ఇందులో పెద్ద వాటా ఉంది.

తంజావూరును 1532 నుంచి 1673 వరకు నాయక రాజులు ఏలారు. వాళ్లలో రఘునాథ నాయకుడు (1600–1634) తానే తెలుగు కవి. ఆయన సభలో రామభద్రాంబ అనే కవయిత్రి ఉండేది. ఆమె సంస్కృతంలో రాసిన రఘునాథాభ్యుదయం అనే కావ్యంలో, ఆ సభలోని స్త్రీలు సమస్యాపూరణలు చేయడంలోనూ, పలు భాషల్లో కవిత్వం చెప్పడంలోనూ, శతలేఖిని అనే విద్యలోనూ ఆరితేరినవారని వర్ణన ఉంది. మధురవాణి అనే ఇంకో కవయిత్రి రఘునాథుడి తెలుగు రామాయణాన్ని సంస్కృతంలోకి తెచ్చింది. నాలుగు వందల ఏళ్ల కిందట, కావేరి ఒడ్డున, మన ఆడవాళ్లు సభలో కూర్చుని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకుతూ పద్యాలు చెప్పారు. నేనేమో అరవై ఏళ్లకు ఒత్తు నేర్చుకోవడానికి ఏడ్చాను!

తరవాతి కాలంలో అవధానాన్ని సామాన్య జనం దగ్గరికి తెచ్చినవాళ్లు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950). ఇద్దరూ చర్ల బ్రహ్మయ్య శాస్త్రి గారి శిష్యులు. జంటగా ఊరూరా తిరిగి, గద్వాల, వనపర్తి, వేంకటగిరి వంటి సంస్థానాలలో అవధానాలు చేశారు. అష్టావధానంతో ఆగలేదు. వందమంది పృచ్ఛకులు ఉండే శతావధానాలు చేశారు. 1920లో తిరుపతి శాస్త్రి పోయాక కూడా వేంకట శాస్త్రి తన రచనలను జంట పేరుతోనే వేశారు. వేంకట శాస్త్రి గారు బందరులో పాఠాలు చెప్పినప్పుడు ఆయన దగ్గర చదివినవారిలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు.

వాళ్లకు పోటీగా కొప్పరపు సోదర కవులు ఆశుకవిత్వంలో పేరు తెచ్చుకున్నారు. ఈ రెండు జంటల వాదాలు అప్పటి తెలుగు ఊళ్లలో పెద్ద వార్త.

అవధానం మీద విమర్శ కూడా ఉంది, దాచను. ఇది కవిత్వం కాదు, గారడీ అన్నవాళ్లు ఉన్నారు. సభలో పుట్టిన పద్యం సభలోనే పోతుంది, నిలవదు అన్నారు. అందులో కొంత నిజం ఉంది. తిరుపతి వేంకట కవులు చెప్పిన అవధాన పద్యాలు ఈరోజు పండితులకే తెలుసు. వాళ్లు కూర్చుని రాసిన పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు మాత్రం పల్లెటూళ్లలో రైతుల నోట కూడా పలికాయి. కానీ నాకు తోచేది ఏమంటే, ఆ నాటక పద్యాలు అంత సులువుగా, మాట్లాడినట్టు నడవడానికి కారణం అవధాన సభల్లో మనసుకు అయిన సాధనే. గారడీలో నలిగిన చెయ్యి గనుకే కవిత్వంలో వణకలేదు.

తెలుగువాళ్లది మాత్రమే కాదు

తమిళ మీడియంలో చదివినవాడిగా ఈ మాట చెప్పకపోతే తప్పు. నాగర్‌కోయిల్ దగ్గర ఇడలాక్కుడిలో 1874లో పుట్టిన సెయ్‌గుత్తంబి పావలర్ గొప్ప తమిళ కవి. ముస్లిం కుటుంబంలో పుట్టి, కంబ రామాయణంలో దిట్ట. 1907లో చెన్నై విక్టోరియా హాలులో శతావధానం చేశారు. 2008లో ఆయన పేరు మీద తపాలా బిళ్ల వేశారు. తమిళంలో ఈ విద్యను ఇప్పుడు కవనగం అంటున్నారు. కవనం అంటే తమిళంలో శ్రద్ధ, గమనం. అవధానం అన్నా అదే కదా. మాట వేరు, మర్మం ఒకటే.

ముంబైలో ఉన్న మన సభ్యులకు ఇంకో సంగతి. గుజరాతీ జైన తత్త్వవేత్త శ్రీమద్ రాజచంద్ర 1887లో, పందొమ్మిదో ఏట, ముంబైలో శతావధానం చేశారు. 1891లో ఇంగ్లండ్ నుంచి తిరిగి వచ్చిన గాంధీజీ ఆయన్ని పరీక్షించారు. తనకు వచ్చిన ఐరోపా భాషల మాటలన్నీ రాసి చదివి వినిపిస్తే, రాజచంద్ర అదే వరసలో తిరిగి చెప్పారని గాంధీజీ తన ఆత్మకథలో రాశారు. ఆ తరవాత గాంధీజీ ఆయన్ని గౌరవించింది ఈ జ్ఞాపకశక్తిని చూసి కాదు, ఆయన నడవడిని చూసి. రాజచంద్ర కూడా చిన్న వయసులోనే ఆ ప్రదర్శనలు మానేశారు. జ్ఞాపకం గొప్పదే, కానీ అదే గమ్యం కాదు.

కర్ణాటకలో ఉన్నవాళ్లకు శతావధాని ఆర్. గణేశ్ గారి పేరు కొత్త కాదు. కన్నడంలో అవధానాన్ని మళ్లీ నిలబెట్టింది ఆయనే. చదివింది ఇంజనీరింగు, చేసింది అవధానం.

అదే పాదం, వేరే సంగతి

ఇక్కడ మీలో ఒకరు అడగవచ్చు: "అయ్యా, మేము అవధానులం కాము. రోజూ మార్చుకుంటూ పోతే ఇల్లు నడుస్తుందా? మందులు ఒకే టైముకు వేసుకోవద్దా?"

నిజమే. మందు టైము మార్చకండి. అలవాటు లేకుండా బండి నడవదు. అవధానంలో కూడా ఛందస్సు మారదు. యతి, ప్రాస, గణాలు అన్నీ పట్టాల్లాగా బిగించి ఉంటాయి. ఆ పట్టాల మీద ప్రయాణం మాత్రం ప్రతిసారీ కొత్తది.

దీనికి మంచి ఉదాహరణ మన తిరువయ్యారులోనే ఉంది. త్యాగరాజ స్వామి (1767–1847) తమిళ నేల మీద బతికి తెలుగులో పాడారు. ఆయన కృతుల్లో సంగతులు అని ఉంటాయి. ఒకే పాదాన్ని రెండోసారి, మూడోసారి, నాలుగోసారి పాడతారు. మాట మారదు, తాళం మారదు. కానీ ప్రతిసారీ స్వరం కొంచెం వేరే దారిలో పోయి వస్తుంది, పాదం పెరుగుతూ పోతుంది. సంగతులను అంత విస్తారంగా పెంచింది ఆయనే అని సంగీతం తెలిసినవారు చెబుతారు. రోజూ నడిచే వీధి మారక్కరలేదు. వీధిలో ఈరోజు ఒక కొత్త సంగతి వేసుకుంటే చాలు.

రైలు ఇంజిన్‌లో కూడా ఇదే చూశాను. సిగ్నల్ కనబడగానే డ్రైవరు, అసిస్టెంటు ఒకరికొకరు రంగు గట్టిగా పలికి చెప్పుకుంటారు. ఇద్దరికీ కళ్లు ఉన్నాయి, ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. మరి నోటితో ఎందుకు పలకాలి? రోజూ చూసే సిగ్నలును కన్ను చూసినట్టే ఉంటుంది గానీ చూడదు. నోరు, చెవి కూడా కలిస్తే మనసు తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఆ వ్యాగన్ నంబరును నేను ఆరోజు పైకి చదివి ఉంటే నా జీతం మిగిలేది.

ఇప్పటి శాస్త్రం కూడా దగ్గర మాటే చెబుతూ ఉంది. 2014లో అమెరికాలోని టెక్సాస్‌లో డెనీస్ పార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక పరిశోధన ప్రకటించింది. అరవై నుంచి తొంభై ఏళ్ల వయసున్న 221 మందిని గుంపులుగా చేశారు. కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ నేర్పారు. వారానికి పదిహేను గంటల లెక్కన మూడు నెలలు. ఇంకొందరు కలిసి కబుర్లు చెప్పుకున్నారు, విహారాలకు పోయారు. మరికొందరు ఇంట్లో సంగీతం విన్నారు, తెలిసిన రకం పద వినోదాలు చేశారు. మూడు నెలల తరవాత చూస్తే జ్ఞాపకశక్తి మెరుగుపడింది కష్టపడి కొత్త విద్య నేర్చుకున్నవాళ్లకు. తెలిసిన పనినే చేసినవాళ్లకు అంత ఫలితం కనబడలేదు. అంటే రోజూ చేసే సుడోకు ఇంకోటి చేయడం వేరు, రాని పనిలో చెయ్యి పెట్టి తప్పులు చేయడం వేరు.

మన కరిసల్ మనిషి ఒకరు

మన మధ్యే ఒక సాక్ష్యం ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఊరివారు కి. రాజనారాయణన్ గారు, అందరూ కీ.రా. అంటారు. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. మన పూర్వీకులు ఆంధ్రదేశం నుంచి దక్షిణానికి వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను 1976లో గోపల్ల గ్రామం అనే నవలగా రాశారు. దాని కొనసాగింపు గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఆయన హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు, రైతు. రాయడం మొదలుపెట్టింది ముప్పై దాటాక. నడివయసులో జనం నోట ఉన్న కరిసల్ మాటలు ఏరి నిఘంటువు చేశారు. జానపద కథలు సేకరించారు. తరవాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆ బడి మానేసిన మనిషిని పిలిచి ఆచార్యుడిగా కూర్చోబెట్టింది. అందరూ రిటైరయ్యే వయసులో ఆయన ఊరు మార్చి కొత్త పని మొదలుపెట్టారు. తొంభై దాటినా రాస్తూనే ఉన్నారు. 2021 మేలో కన్నుమూశారు. ఆ మనసు అంతకాలం తడిగా ఉండటానికి ఒక కారణం, అది ఒక మడిలోనే నిలిచిపోకుండా వ్యవసాయం, సంగీతం, కథ, నిఘంటువు, బోధన అని పారుతూ పోవడమే అని నేను నమ్ముతాను.

పెద్దన్న అడిగిన నీళ్లు

చివరగా ఒక సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మా పెద్దన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఉద్యోగం కోసం చెన్నై పోయి అక్కడే స్థిరపడ్డాడు. నలభై ఏళ్లు ఇంట్లో కూడా తమిళమే. పిల్లలకు తెలుగు రాదు. మనవళ్లకు మన భాష తెలుగు అన్న సంగతే తెలియదు. చివరి రెండేళ్లు మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట పేర్లు పోయాయి, తరవాత తమిళ మాటలు ఒక్కొక్కటీ పోయాయి. మిగిలింది చిన్నప్పుడు ఊళ్లో మాట్లాడిన తెలుగు ఒక్కటే.

ఒక రాత్రి వాళ్ల కోడలు ఫోన్ చేసింది. "చిన్న మామా, మామ సాయంత్రం నుంచి ఏదో అడుగుతున్నారు. మాకు ఒక్కమాట అర్థం కావడం లేదు. మీరే వినండి." ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టింది.

"ఎద్దులకు నీళ్లు పెట్టినారా? నైనా వచ్చినాడా?" అని అడుగుతున్నాడు మా అన్న.

"పెట్టినాము అన్నా. నైనా వస్తా ఉండాడు. నువ్వు పడుకో" అన్నాను. పడుకున్నాడు. అంతే, ఆ ఒక్క జవాబు కోసం సాయంత్రం నుంచి ఆయన ఏడుస్తున్నాడు. ఇంటినిండా మనుషులున్నారు, ప్రేమ ఉన్నవాళ్లే. జవాబు చెప్పడానికి ఒక్కరికీ భాష లేదు.

అలవాటువల్ల ఆయనకు ఆ జబ్బు వచ్చిందని నేను అనను. జబ్బుకు వెయ్యి కారణాలు, అది డాక్టర్లు చెప్పాలి. కొత్త విద్య నేర్చుకుంటే నాకు రాదని కూడా నేను చెప్పలేను. నేను నేర్చుకున్నది ఒక్కటే. మనసుకు ఎన్ని తలుపులు తెరిచి పెడితే, తరవాత మనవాళ్లు మన దగ్గరికి రావడానికి అన్ని దారులుంటాయి. మా అన్న ఇంట్లో తెలుగు తలుపు నలభై ఏళ్లు మూసి ఉండింది. చివరికి ఆయన ఆ గదిలోకే పోయి కూర్చున్నాడు. బయటివాళ్లకు తలుపు తీయడం తెలియలేదు.

ఒక విన్నపం

మన సంఘం వార్షిక సమావేశం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. దీపం, ప్రార్థన, కార్యదర్శి నివేదిక, జమాఖర్చులు, శాలువాలు, భోజనం. ఇరవై ఏళ్లుగా అదే వరస. పిల్లలు భోజనానికి మాత్రం వస్తారు. వాళ్లది తప్పు కాదు.

ఈసారి జమాఖర్చుల తరవాత అరగంట నాకు ఇవ్వమని కార్యదర్శి గారిని అడిగాను. సరే అన్నారు. పిల్లలతో ఒక చిన్న అవధానం ఆట ఆడిద్దాం. ఛందస్సు వద్దు, పద్యం వద్దు. ఒక పాప కథ చెబుతుంది. ఒకరు ఒక అక్షరాన్ని నిషేధిస్తారు. ఒకరు నాలుగు మాటలిస్తారు, అందులో ఒకటి తమిళమైనా, కన్నడమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా సరే. ఒకరు గంట కొడతారు. పెద్దవాళ్లు పృచ్ఛకులు, పిల్లలు అవధానులు. తరవాత తిరగేసి ఆడదాం. పెద్దవాళ్లు ఓడిపోతే పిల్లలకు అంతకంటే సంతోషం ఉండదు.

దూర ఊళ్లలో ఉన్న శాఖలవాళ్లు కూడా మీ దగ్గర ఆడి చూసి ఎలా జరిగిందో రాయండి. మీ ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో చదవని తెలుగు కాగితాలు ఉంటే, పసుపు పెట్టి మూసేయకుండా ఒక ఫొటో తీసి పంపండి. నాకు చదవను వచ్చినంతవరకు చదివి చెబుతాను. రానిది ఆదివారం తరగతిలో ఆ పాపను అడుగుతాను. ఇప్పుడు ఆమెకు నాకంటే బాగా వచ్చు.

అప్రస్తుత ప్రసంగి స్థానం మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. మా ఇంటావిడ పేరు రాసుకుందామా అని అడిగితే, "ముప్పై అయిదేళ్లుగా ఆ పని చేస్తూనే ఉన్నాను, మీరే వినిపించుకోలేదు" అన్నది.

చక్కెర డబ్బా నిన్న మళ్లీ చోటు మారింది. ఈసారి రెండో రోజే కనిపెట్టాను.